చేతిలో ఒదిగిన ఆటపెట్టె

నదిని కూజాలో నింపుట అను అర్థము గల జాతీయము ఉర్దూలో ఒకటి కలదు. విస్తారమైన భావమును రెండు పాదముల షేర్‌లో ఇమిడ్చిన కవిని పెద్దలు ఈ మాటతో మెచ్చుకొందురు. తెలుగు వ్యాకరణములో సమాసము చేయు పనియు ఇట్టిదే. 'రాముని బాణము' అనునది 'రామబాణము' అయినప్పుడు ప్రత్యయము లోపించును గాని అర్థము లోపించదు. టెలివిజనుకు తగిలించి ఆడుకొను వీడియో గేమును చేతిలో పట్టు పెట్టెగా మార్చు విద్యను గూర్చి తెలిసికొన్నప్పుడు మాకు ఈ సమాసమే స్ఫురించినది.

ఇంటిలో ఆడుకొను ఇట్టి యంత్రములలో మొదటిదైన ఒడిస్సీ 1972లో అమెరికాలో వెలువడినది. 1983లో జపానులో నింటెండో సంస్థ ఫామికామ్ అను యంత్రమును తెచ్చినది. దాని అనుకరణలే 1990 తరువాతి సంవత్సరములలో మన పట్టణముల ఇండ్లకు చేరినవి. 1995లో సెగా సంస్థ తన ఇంటి యంత్రమునే నోమాడ్ అను పేరుతో చేతిపెట్టెగా చేసినది గాని, ఆరు బ్యాటరీలు కొద్ది గంటలలోనే నీరసించెడివి. 2000 ప్రాంతమున అమెరికాకు చెందిన బెంజమిన్ హెకెన్‌డార్న్ పాత అటారీ 2600ను స్వయముగా కోసి చేతిపెట్టెగా మలచెను. నాటి నుండి ఈ అభిరుచి పలు దేశములకు వ్యాపించినది.

మా విద్యార్థి ఒకడు అట్టి పాత యంత్రమును సంచిలో పెట్టుకొని మావద్దకు వచ్చెను. అది గల్ఫులో పనిచేయు అతని అన్నగారి చిన్ననాటిది. అన్న సెలవుపై వచ్చునాటికి దానిని జేబులో పట్టునంతగా చేసి చూపవలెనని అతని కోరిక. పెట్టెలో పట్టుటకై ముందుగానే బోర్డును రంపముతో కోసెను. యంత్రము మూగవోయినది. ఇద్దరమును కలిసి సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళితిమి. అచటి మెకానిక్ ఒకరు బోర్డును వెలుగులో పెట్టి చూచి, "రంపము చివరకు రావలసినది, మీరు మొదటనే తెచ్చినారు" అనెను. ఈ విద్యలోని సారమంతయు ఆ ఒక్క మాటలో ఉన్నది.

మొదట చూడవలసినది విద్యుత్తు. ఈ అనుకరణ యంత్రములలో పెక్కింటికి బయటి అడాప్టరు సుమారు 9 వోల్టులు ఇచ్చును. లోపలి చిప్పునకు కావలసినది 5 వోల్టులే. 7805 అను రెగ్యులేటరు మిగిలిన దానిని వేడిగా వ్యర్థపరచును. యంత్రము 0.3 ఆంపియర్లు తీసికొన్నచో 2.7 వాట్లలో 1.2 వాట్లు వేడికే పోవును. గోడ ప్లగ్గునకు ఇది లెక్కలోనిది కాదు; బ్యాటరీకి మాత్రము ప్రాణసంకటము. కావున దానిని తొలగించి, 3.7 వోల్టుల లిథియం సెల్లు నుండి 5 వోల్టులు చేయు చిన్న కన్వర్టరును అమర్చుదురు. 3000 మిల్లీ ఆంపియర్ అవర్ల సెల్లులో సుమారు 11 వాట్ అవర్ల శక్తి ఉండును. యంత్రమునకు 1.5 వాట్లు, తెరకు 2 వాట్లు అనుకొన్నచో, కన్వర్టరు నష్టము పోను రెండున్నర గంటలకు పైగా ఆడవచ్చును.

లిథియం సెల్లుతో చనువు పనికిరాదు. 4.2 వోల్టులకు మించి ఛార్జి చేసినను, గుచ్చుకొన్నను, రెండు కొసలు తగిలినను మంట లేచును. రక్షణ సర్క్యూటు లేనిదే దానిని వాడరాదు.

రెండవది తెర. పాత యంత్రము తన బొమ్మను ప్రసార తరంగముగా మార్చి టెలివిజను ఏంటెనా రంధ్రమునకు పంపును. ఆ మార్పిడి జరుగు డబ్బాకు ముందే బొమ్మ సంకేతమును తీసికొన్నచో కారు వెనుక కెమెరాకు వాడు చిన్న తెరపై నేరుగా చూడవచ్చును. డబ్బాతో అవసరమే ఉండదు.

ఇట్లు విడిగా అన్నియు పనిచేసిన పిమ్మటనే రంపము పట్టవలెను. ఆట కార్ట్రిడ్జికి 60 కొసలు గలవు. వానిలో చిప్పుతో మాటాడు దారి ఒక్కటి తెగినను బొమ్మ చెదరును, లేదా ఆట మొదలే కాదు. మా విద్యార్థి కోసినది సరిగా ఆ దారులనే. ప్రత్యయమనుకొని ధాతువును తొలగించినట్లయినది.

అన్నగారి యంత్రము మరల బ్రతుకలేదు. ఆ బాధ అతని ముఖమున చాలా దినములు కనబడెను. తరువాత అతడు పాత సామానులలో అట్టిదే మరియొకటి కొని, కోఠిలోని గుజరాతీ గల్లీలో కన్వర్టరు సంపాదించి, ఈసారి వరుస తప్పక పనిచేసెను. పెట్టె జేబులో పట్టలేదు. రెండు చేతులలో మాత్రము చక్కగా ఒదిగినది. అన్నగారి పాత కార్ట్రిడ్జి అందులో సరిపోయినది.

దేనినైనను సంక్షిప్తము చేయగోరువాడు ముందు దానిని సమగ్రముగా చదువవలెను. ఏది తీసివేయవచ్చునో తెలియుటకు ప్రతిదియు ఎందుకున్నదో తెలియవలెను. వ్యాకరణమునకైనను యంత్రమునకైనను నియమమిదియే అని విద్యార్థి మిత్రులకు మా మనవి.