ఓవెన్ తలుపును మరువకండి

ఒకప్పుడు కేకు కావాలంటే పట్టణంలోని బేకరీకి వెళ్ళవలసి వచ్చేది. నేడు పల్లెల్లో కూడా కొందరి ఇండ్లలో చిన్న కరెంటు ఓవెన్ కనిపిస్తున్నది. క్రిస్మస్ దినాల్లో అది ఒక ఇంటిది కాదు, వీధి అందరిదీ! ఒకరి తర్వాత ఒకరు కేకు గిన్నెలు పట్టుకొని వస్తారు. పని అయ్యాక లోపలి భాగం తుడుస్తారు గాని, గాజు తలుపును అంతగా పట్టించుకోరు. నిజానికి ఎక్కువ శ్రద్ధ అవసరమైనది ఆ తలుపుకే.

గాజుమీద చిందిన వెన్న, నూనె, పంచదార వేడికి మాడి గోధుమరంగు పొరగా అంటుకుంటాయి. వాడిన ప్రతిసారీ ఆ పొర ఇంకా గట్టిపడుతుంది. మాడు వాసన వస్తుంది. లోపలి కేకు కనిపించదు. చూద్దామని మాటిమాటికీ తలుపు తీస్తే వేడి బయటకు పోయి, పొంగుతున్న కేకు మధ్యలో కుంగిపోతుంది.

శుభ్రపరచే విధానం

ముందుగా ప్లగ్గు తీసి, ఓవెన్‌ను పూర్తిగా చల్లారనివ్వండి. వేడి గాజుమీద చన్నీళ్ళు పడితే అది పగిలే ప్రమాదముంది. మూడు చెంచాల వంటసోడాలో ఒక చెంచా నీరు కలిపి ముద్దచేసి, గాజుకు లోపలివైపు పూయండి. అరగంట ఉంచండి. సోడాకున్న క్షారగుణం వల్ల జిడ్డు మెత్తబడుతుంది. తర్వాత తడిగుడ్డతో తుడవండి. తెల్లని చారలు మిగిలితే వెనిగర్ అద్దిన గుడ్డతో తుడిస్తే పోతాయి. ఈ రెండింటినీ ముందే కలపకండి. ఒకదాని గుణాన్ని మరొకటి పోగొడుతుంది. బందుల దగ్గర చేరిన కేకు పొడిని పాత టూత్‌బ్రష్‌తో దులపండి. తలుపుమీద నీళ్ళు కుమ్మరించకూడదు. బాగా ఆరిన తర్వాతనే ప్లగ్గు పెట్టాలి.

చేయకూడనివి

బూడిద, ఇసుక, స్టీలు పీచు గిన్నెలకు మంచివే గాని ఈ గాజుకు పనికిరావు. వేడికి తట్టుకొనేలా ప్రత్యేకంగా గట్టిపరచిన గాజు ఇది. గీతలు పడితే బలం తగ్గి, ఒక్కోసారి ఉన్నట్టుండి ముక్కలైపోతుంది. బీట కనిపించినా, అంచు పెచ్చు ఊడినా ఆ ఓవెన్ వాడకండి. తెరచిన తలుపుమీద బరువైన గిన్నె పెట్టకండి. బందులు వంగితే తలుపు సరిగా మూతపడదు. అప్పుడు కేకూ ఉడకదు, కరెంటూ వృథా.

పిల్లలు జాగ్రత్త

లోపల 180 డిగ్రీల వేడి ఉన్నప్పుడు తలుపు బయటివైపు కూడా చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. కేకు పొంగడం చూడాలని పిల్లలు ఆ గాజు దగ్గరే చేరతారు. గాజు మసకబారి ఉంటే మరింత దగ్గరకు వస్తారు! అందుకే ఓవెన్‌ను వారికి అందనంత ఎత్తున ఉంచండి. ఒకవేళ చెయ్యి కాలితే సిరా, టూత్‌పేస్టు పూయకండి. వెంటనే 20 నిమిషాలపాటు కుళాయి ధార కింద ఉంచండి. కుళాయి లేకపోతే చెంబుతో చల్లని నీళ్ళు పోస్తూ ఉండండి. ఐసు పెట్టవద్దు. పొక్కులు లేస్తే వైద్యునికి చూపించండి.

పొరుగింటి ఓవెన్ వాడుకొన్న సోదరీమణులు, చల్లారాక తలుపు తుడిచి మరీ వెళ్తే, పండుగ పనుల్లో అలసిన ఆ ఇల్లాలికి అంతకంటె మంచి కానుక ఉండదు.