మీకు తెలుసా? విష్ణుక్రాంత నేలకు నీలిపూల దుప్పటి

వినాయక చవితి పూజలోని 21 పత్రాల్లో ఒకటైన విష్ణుక్రాంత, పెరటి నేలను పచ్చగా కప్పే మొక్క కూడా!

● మెట్ట నేలల్లో, గట్ల మీద తనంతట తానే పెరుగుతుంది.

● గట్టి వేరుమొదలు నుంచి సన్నని కాడలు నేలబారుగా పాకుతాయి. ఆకులకు పట్టులాంటి నూగు ఉంటుంది.

● దీని శాస్త్రీయ నామం ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్. లాటిన్‌లో ‘ఎవాల్వో’ అంటే చుట్ట విప్పడం. చుట్టుకుని ఎక్కే దగ్గరి బంధువుల్లా కాకుండా ఇది దేన్నీ చుట్టుకోదు కాబట్టే ఆ పేరు.

● తీగలా అల్లుకునే శంఖుపుష్పాన్నీ కొందరు విష్ణుక్రాంత అంటారు. రెండూ వేరు.

● ఎండ బాగా తగిలే, నీరు నిలవని చోట విత్తనాలు చల్లండి. వేరూనాక కొద్దిపాటి తడి చాలు.

కలుపని పీకేసే ముందు ఆ చిన్ని నీలిపువ్వును ఒక్కసారి చూడండి!