వెలుగుతో గీసిన బొమ్మలు

కాగితం మీది బొమ్మ మనకు ఎలా కనిపిస్తుంది? బొమ్మ మీద పడిన వెలుగు వెనక్కి మళ్ళి మన కంటిని చేరుతుంది కనుక కనిపిస్తుంది. అలా కాక, వెలుగు తమ గుండా దూరి వస్తేనే కనిపించే బొమ్మలు కూడా ఉన్నాయి. యూరపులోని పాత చర్చీల రంగు గాజు కిటికీలు అటువంటివే. ఒక మతవిశ్వాసం, ఒక కళ, కొంత రసాయనశాస్త్రం కలిసి వాటిని పుట్టించాయి. ఎలాగో చూద్దాం.

బొమ్మలు ఉండవచ్చునా?

చర్చిలో బొమ్మలు ఉండవచ్చునా, ఉండకూడదా అన్నది క్రైస్తవులలో చాలా పాత తగవు. ప్రతిమలు చేసుకొని మొక్కరాదని బైబిలులోని పది ఆజ్ఞలలో ఉంది. క్రీ.శ. 600 ప్రాంతంలో మార్సే నగరపు బిషప్పు సెరెనస్, జనం బొమ్మలకు మొక్కుతున్నారని తన చర్చీలలోని బొమ్మలను పగలగొట్టించాడు. అది విని పోపు మొదటి గ్రెగరీ ఆయనకు జాబు రాశాడు. మొక్కవద్దనడం సరే కాని పగలగొట్టడం తప్పన్నాడు. చదువుకొన్నవారికి పుస్తకం ఎలాగో, చదువు రానివారికి బొమ్మ అలాగని ఆయన వాదన. అక్షరాలు వచ్చినవారు బహు కొద్దిమంది ఉన్న ఆ కాలంలో, పడమటి యూరపులో ఈ వాదనే చాలాకాలం నిలిచింది.

గోడలు పలచనయ్యాయి

తరవాత ఐదు వందల ఏళ్ళకు, పారిస్ దగ్గరి సెయింట్ డెనిస్ మఠానికి సుజే అనే ఆయన అధిపతి అయ్యాడు. బైబిలులో దేవుణ్ణి వెలుగుతో పోల్చిన చోట్లు చాలా ఉన్నాయి. కంటికి కనబడే వెలుగు మనసును కనబడని దేవుని వైపు నడిపిస్తుందని సుజే నమ్మాడు. మఠం చర్చి తూర్పు భాగాన్ని కొత్తగా కట్టించి, చుట్టూ రంగు గాజు కిటికీలు పెట్టించాడు. 1144లో దానికి ప్రతిష్ఠ జరిగింది.

కాని గోడలో పెద్ద కిటికీ పెడితే గోడ బలం తగ్గుతుంది గదా! పైన ఉన్న రాతి కప్పు గోడలను బయటికి తోస్తూ ఉంటుంది. ఆ తోపుకు తట్టుకోవాలంటే గోడలు దళసరిగా, కిటికీలు చిన్నవిగా ఉండక తప్పదు. శిల్పులు దీనికి ఉపాయం కనిపెట్టారు. మొన తేలిన కమానులు వాడారు. బయట దిమ్మెలు కట్టి, వాటినుంచి గోడకు రాతి కమానులతో ఊతమిచ్చారు. తోపు ఆ కమానుల గుండా నేలకు దిగిపోతుంది. ఫ్రాన్సులో 1194లో తగలబడిన షార్త్ర్ కెథడ్రలును ఇలాగే తిరిగి కట్టారు. అందులో సుమారు 2,600 చదరపు మీటర్ల రంగు గాజు ఉంది. దాని కిటికీలలో బైబిలు కథలతోపాటు రొట్టెలు చేసేవారు, చెప్పులు కుట్టేవారు కూడా కనిపిస్తారు.

రంగు ఎక్కడిది?

ఇసుక కరగాలంటే దాదాపు 1,700 సెంటీగ్రేడు డిగ్రీల వేడి కావాలి. ఆనాటి కొలిమికి అది సాధ్యం కాదు. కలప బూడిద కలిపితే అంతకన్న తక్కువ వేడికే కరుగుతుంది. బూడిదలోని పొటాష్ చేసే పని అది. 12వ శతాబ్దంలో థియోఫిలస్ అనే సన్యాసి, బీచ్ చెట్టు బూడిద రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు కలపమని రాశాడు.

ఆ ముద్దలో కోబాల్టు కొద్దిగా చేరితే నీలి గాజు. మాంగనీసుతో ఊదా రంగు, ఇనుముతో ఆకుపచ్చ. రాగి అతి సూక్ష్మమైన రేణువులుగా చెదిరి ఉంటే ఎరుపు. ఈ ఎర్ర గాజు ఎంత చిక్కనిదంటే, పలకంతా దానితోనే చేస్తే నల్లగా కనిపిస్తుంది. అందుకని తెల్ల గాజు మీద దాన్ని పలచని పొరగా ఎక్కించేవారు. ఎర్ర గాజు వెలుగుకు ఎరుపును కలపదని గుర్తుంచుకోండి. తెల్లని వెలుగులోని తక్కిన రంగులను మింగి, ఎరుపును మాత్రం పోనిస్తుంది.

ముక్కలుగా కోసిన గాజు మీద కళ్ళు, ముక్కు, బట్టల మడతలు నల్లరంగుతో గీసి బట్టీలో కాల్చేవారు. తరవాత ముక్కలను సీసపు బద్దీలతో జోడించేవారు. సీసం మెత్తని లోహం, ఎటు కావాలంటే అటు వంగుతుంది. దూరంనుంచి చూస్తే ఆ బద్దీలే బొమ్మకు నల్లని గీతలవుతాయి.

గాజు కారిపోతుందా?

పాత గాజు పలకలలో కొన్ని అడుగున దళసరిగా ఉంటాయి. గాజు ద్రవం కనుక వందల ఏళ్ళలో కిందికి జారిందని చాలామంది అంటారు. అది నిజం కాదు. ఆ కాలపు పలకలు తయారీలోనే హెచ్చుతగ్గుల మందంతో వచ్చేవి. ఆనాటి గాజు మామూలు వేడిలో వంద కోట్ల ఏళ్ళకు ఒక నానోమీటరు దాకా మాత్రమే జారగలదని శాస్త్రజ్ఞులు 2018లో ప్రచురించిన పరిశోధనలో తేల్చారు.

ఈ గాజుకు అసలు శత్రువు నీరు. గాజులోని పొటాషియాన్ని తేమ మెల్లగా లాగేస్తుంది. గాలిలో బొగ్గు పొగ గంధకం కలిస్తే పైన తెల్లని పెచ్చు కట్టి వెలుగు మందగిస్తుంది. తేలికగా కరగడానికి వేసిన బూడిదే చివరికి గాజును తినేస్తున్నదన్నమాట! ఇంగ్లండులో 1408లో పూర్తయిన యార్క్ మిన్‌స్టర్ తూర్పు కిటికీలోని 311 పలకలను విప్పి, బాగుచేసి, బయట మరో గాజు తెర అమర్చి కాపాడారు. ఆ పలకల పని 2018కి ముగిసింది.

మనుషులు చేసిన నష్టం కూడా తక్కువ కాదు. 16, 17 శతాబ్దాలలో పాత తగవు మళ్ళీ రేగి, ఇంగ్లండులో ఎన్నో కిటికీలను క్రైస్తవులే పగలగొట్టారు. యుద్ధం వస్తున్నదని 1939లో షార్త్ర్ కిటికీలను విప్పి దాచారు. అందుకే అవి మిగిలాయి.

ఈ కళ మన దగ్గరికి కూడా వచ్చింది. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ కెథడ్రలులో క్రీస్తు పుట్టుకను, సిలువను, ఆరోహణాన్ని చూపే పెద్ద రంగు గాజు కిటికీలున్నాయి. అక్కడికి వెళ్ళినప్పుడు, ఎండగా ఉన్న వేళ అదే కిటికీని ముందు బయటినుంచి, తరవాత లోపలినుంచి చూడండి. బయటినుంచి నల్లని పలకలు. లోపలికి వెళితే బొమ్మ.