పరోక్షపు టెగుమతి: ఆరంభసంవిధానము

విశాఖపట్టణవాసికి ఎగుమతి యన్నంతనే 1933లో తెఱువబడిన రేవు జ్ఞప్తికి వచ్చును. ఇప్పుడు గ్రంథపరిష్కర్తలకును ఆ మాటతో పని కలిగినది. కంప్యూటరున సిద్ధపఱచిన మూలప్రతిని అచ్చునకు యోగ్యములగు పీడీయఫ్ పుటలుగా మార్చుటయే యీ యెగుమతి. ఈమాక్స్ అను లేఖనసాధనమున 2003లో కార్‌స్టెన్ డొమినిక్ ప్రారంభించిన ఆర్గ్ పద్ధతి దీనికి మిక్కిలి యనుకూలము. 2013 నాటి 8.0 రూపమునుండి యీ పనిని పరోక్షముగ, అనగా మన వ్రాత యాగకుండ, జరిపించు వీలు కలిగినది. కంట్రోల్-సి, కంట్రోల్-ఇ నొక్కగా వచ్చు పట్టికలో కంట్రోల్-ఎ నొక్కినచో చాలును.

నే నొక వ్యాఖ్యానగ్రంథము నిట్లు ఎగుమతి చేసి, అచ్చుకూటమునకు పంపితిని. వచ్చిన చిత్తుప్రతిలో నా దిద్దుబాటు లొక్కటియు లేవు. పరోక్షకార్యము మధ్యనే విఫలమై, పూర్వపు పీడీయఫ్ అదే పేర నిలిచియుండెను. నేను దానినే క్రొత్తదిగా భ్రమించితిని.

దీనికి కారణము వైయాకరణులకు సుబోధము. అష్టాధ్యాయి తుది మూడు పాదములలోని కార్యములు పూర్వసూత్రములకు అసిద్ధములు. అనగా లేనట్లే యెంచబడును. అట్లే మన యెదుటి ఈమాక్సునకు అప్పటికప్పుడు నేర్పిన నియమములు పరోక్షకార్యమునకు అసిద్ధములు. ఏలయన అది వేఱుగ పుట్టిన మఱియొక ఈమాక్సు. దానికి అందునవి మన ప్రతియొక్క నకలును, తన యారంభపత్రమును మాత్రమే. తెలుగుకు వలయు జీలేటెక్‌ను నేను ఎదుటి సాధనమునకే చెప్పితిని. పరోక్షసాధనము స్వభావసిద్ధమగు పీడీయఫ్‌లేటెక్‌ను ఆశ్రయించి, తెలుగక్షరములకడ ఆగిపోయెను.

పరిహార మిది. ఆర్గ్-ఎక్స్‌పోర్ట్-ఎసింక్-ఇనిట్-ఫైల్ అను చరమునకు విలువ యీయనిచో పరోక్షసాధనము మన నిత్యారంభపత్రము నంతయు చదువును. ఒక పత్రముయొక్క సంపూర్ణమార్గము నిచ్చినచో దానినే, దానిని మాత్రమే, చదువును. ఈ రెండవదే మేలు. రంగులు, మీటల యేర్పాటులు మున్నగు అనవసరభారము తొలగి కార్యము శీఘ్రముగ మొదలగును. ఆ చిన్న పత్రమున లేటెక్ ఎగుమతిభాగమును, జీలేటెక్ నియమమును, తెలుగు ఖతి పేరును ఉండవలయును. ఇవి సంజ్ఞాపరిభాషలవలె సర్వగ్రంథములకును ఉపకరించును. ఒక్క గ్రంథమునకే చెందిన నియమమును ఆ ప్రతి శిరస్సుననే వ్రాయుట యుక్తము. అది నకలుతో కూడ పోవును.

మఱి రెండు జాగ్రత్తలు. నకలు ఆజ్ఞ యిచ్చిన క్షణమున తీయబడును. పిమ్మట దిద్దినది అందు చేరదు. ముగిసిన ఫలితములు ఆర్గ్ ఎగుమతిరాశిలో నుండును. పై పట్టికలో అండ్ గుర్తు నొక్కి చూడవలయును. కార్యము విఫలమగుచుండినచో ఆర్గ్-ఎక్స్‌పోర్ట్-ఎసింక్-డీబగ్ అను చరమును ప్రవర్తింపజేసినచో దోషవృత్తాంతము నిలిచియుండును.

పీడీయఫ్ పుట్టిన వేళను చూడక దానిని అచ్చునకు పంపరాదు. పరిష్కర్త యేమఱినచో, తాను త్రోసివేసిన పాఠమే తన పేర లోకమున నిలుచును.