సత్యభామ ఉత్తరం

కృష్ణా జిల్లాలో మొవ్వ దగ్గర కూచిపూడి ఉంది. ఆ ఊరివాళ్ళు ఆడే ఆట భామాకలాపం. దాన్ని సిద్ధేంద్రయోగి రాశాడంటారు.

అందులో సత్యభామకు గర్వం ఎక్కువ. కృష్ణుడు అలిగి వెళ్ళిపోతాడు. ఇక ఆమెకు కోపం, దిగులు, సవతి మీద అసూయ. ఏదీ దాచుకోదు. చెలికత్తె మాధవితో చెబుతుంది. మొగుడి పేరు చెప్పడానికి మాత్రం సిగ్గు! చివరికి ఉత్తరం రాస్తుంది.

పూర్వం ఈ వేషం మగవాళ్ళే కట్టేవారు. వేదాంతం సత్యనారాయణ శర్మ (1935-2012) సత్యభామగా ఎంతో పేరు పొందారు. అలక, సిగ్గు మగవారిలోనూ ఉంటాయన్నమాట.

మరి మనం? తోడికోడలికి కొత్త చీర వస్తే లోపల మండుతుంది. పైకి నవ్వుతాం. "ఛీ, నాది పాడుబుద్ధి" అని కుములుతాం. ఆ మంట రాత్రికి పిల్లాడి వీపు మీద పడుతుంది.

మనం దాచేసిన ఇలాంటి గుణాలను స్విట్జర్లాండు డాక్టరు యూంగ్ (1875-1961) 'నీడ' అన్నాడు. తోసేస్తే నీడ పోదు, వెనకే వస్తుంది. తిరిగి చూస్తే దానిలో ఒక కోరిక కనిపిస్తుంది. "నీకేం కావాలి అని నన్నూ ఎవరైనా అడగాలి." ఇది పాడుబుద్ధా?

మీకిప్పుడు రాయడం వచ్చు. "నాకు కోపం వచ్చింది, ఎందుకంటే" అని మొదలుపెట్టండి. తప్పులు పోయినా సరే. సత్యభామ ఉత్తరాన్ని మాధవి తీసుకెళ్ళింది. మీది ఎవరికీ చూపక్కర్లేదు. చదువుకుని పొయ్యిలో వేసినా ఫరవాలేదు.