రాసుకోలేదా... పోయినట్టే!

సెకండ్ షో వదిలారు. స్టాండులోంచి బండి తీస్తున్నారు మీరు. ఉన్నట్టుండి బుర్రలో తళుక్కుమంది... "అబ్బ! క్లైమాక్సు ఇలా కాకుండా అలా తీసి ఉంటేనా!" ఆ 'అలా' లోంచి కొత్త కథ ఒకటి పుట్టుకొచ్చింది. హీరో, హీరోయిన్, ఇంటర్వెల్ మలుపు... అందరూ వరసగా వచ్చి ఎదురుగా నిలబడ్డారు. "ఇంత మంచి కథ మరిచిపోతానా? పొద్దున్నే రాసేద్దాం" అనుకుని హాయిగా నిద్రపోయారు.

పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుంటే ఏముంది? హీరో లేడు, హీరోయిన్ లేదు. 'రాత్రి ఏదో బ్రహ్మాండంగా తోచింది' అన్న జ్ఞాపకం ఒక్కటే మిగిలింది!

దిగులు పడకండి. ఇది మీ ఒక్కరి బాధే కాదు. మహామహుల్ని కూడా ఏడిపించిన బాధే!

గురక పెట్టిన టేపు

1965లో 'శాటిస్‌ఫాక్షన్' పాట ప్రపంచాన్ని ఊపేసింది. రోలింగ్ స్టోన్స్ బృందంలోని గిటారిస్టు కీత్ రిచర్డ్స్‌కి ఆ వరస నిద్రలో తట్టింది. మంచం పక్కన క్యాసెట్ రికార్డరుంది. మగత నిద్రలోనే గిటారు మీద ఆ ముక్క వాయించి, మళ్ళీ పడుకున్నాడు. పొద్దున లేస్తే ఏమీ గుర్తు లేదు! టేపు చివరికంటా తిరిగిపోయి ఉందేమిటా అని వెనక్కి తిప్పి విన్నాడు. మొదట్లో ఆ వరస... తర్వాత టేపంతా గురకే! ఆ రికార్డరు అక్కడ లేకపోతే? గురక మిగిలేది కానీ పాట మిగిలేది కాదు.

దర్శకుడు జేమ్స్ కామెరాన్ సంగతి చూడండి. అప్పటికి ఆయన పేరు ఎవరికీ తెలీదు. రోములో ఒంటరిగా జ్వరంతో పడున్నాడు. మంటల్లోంచి ఒక లోహపు మనిషి పాక్కుంటూ వస్తున్నట్టు కల వచ్చింది. దాన్ని బొమ్మగా గీసి పెట్టుకున్నాడు. 1984లో వచ్చిన 'టెర్మినేటర్' ఆ బొమ్మలోంచి పుట్టిందే!

తలుపు తట్టిన పెద్దమనిషి

అందరికీ అంత అదృష్టం ఉండదు. 1797లో ఇంగ్లీషు కవి కోలరిడ్జ్‌కి నల్లమందు మగతలో ఒక కావ్యం స్ఫురించింది. రెండు మూడొందల పంక్తులకి తక్కువ ఉండదని తర్వాత ఆయనే రాసుకున్నాడు. లేచి గబగబా రాస్తున్నాడు. ఇంతలో పోర్లాక్ అనే ఊరి నుంచి ఎవరో పెద్దమనిషి పని మీద వచ్చాడు. గంటకు పైగా మాట్లాడి వెళ్ళాడు. తిరిగొచ్చి కలం పట్టుకుంటే... మిగతాది మాయం! ఇవాళ మనకున్నది 54 పంక్తులే. మనకీ అలాంటి పెద్దమనుషులు లేకపోలేదు. కాకపోతే వాళ్ళు తలుపు తట్టరు, ఫోన్ చేస్తారు!

ఎందుకిలా?

1959లో అమెరికాలో పీటర్‌సన్ దంపతులు ఒక ప్రయోగం చేశారు. మూడంటే మూడు అక్షరాలు చెప్పి, వాటిని మనసులో వల్లె వేసుకునే వీల్లేకుండా వెంటనే అంకెలు వెనక్కి లెక్కపెట్టించారు. 18 సెకన్లు గడిచేసరికి చాలామందికి ఆ మూడక్షరాలూ ఎగిరిపోయాయి! మూడక్షరాలకే దిక్కులేకపోతే మూడు గంటల సినిమా కథ నిలుస్తుందా?

అసలు మోసం ఎక్కడుందో తెలుసా? 'ఇంత బావుంది కాబట్టి గుర్తుంటుంది' అనుకోవడంలో ఉంది. బావుండటం వేరు, గుర్తుండటం వేరు.

కృష్ణానగర్ గదిలో...

ఈ సంగతి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

ఒకప్పుడు హైదరాబాదు కృష్ణానగర్‌లో ఒక గదిలో నలుగురం ఉండేవాళ్ళం. నలుగురికీ సినిమా పిచ్చే. మాలో పెద్దాయన్ని 'అన్నా' అనేవాళ్ళం. ఒక రాత్రి టీ కొట్టు దగ్గర ఆయన ఒక కథ చెప్పాడు. గోదావరి మీద పడవ నడిపే తండ్రి. అక్కడే కట్టే వంతెనకి ఇంజనీరుగా వచ్చిన కొడుకు. వంతెన పూర్తయితే పడవకి పని లేదు. చివరి సీను చెప్పేసరికి మా ముగ్గురికీ కళ్ళు చెమ్మగిల్లాయి. టీ కొట్టతను కూడా గ్లాసులు కడగడం ఆపేశాడు.

"రాసి పెట్టన్నా" అన్నాం.

"ఎక్కడికి పోతుందిరా? నా కడుపులోనే ఉందిగా" అని నవ్వాడు.

రెండేళ్ళకి గుండెపోటుతో అన్నే పోయాడు.

పదో రోజుకి వాళ్ళ ఊరెళ్ళి, రాత్రి ముగ్గురం కూర్చున్నాం, ఆ కథైనా రాద్దామని. పడవ దాకా ఒకే మాట. వంతెన దాకా ఒకే మాట. చివరి సీను దగ్గరికొచ్చేసరికి తలో దారీ! తండ్రి మొదటి బస్సెక్కి వంతెన దాటాడని ఒకడు. కాదు, రాత్రిపూట కొడుకే రేవులోకొచ్చి పడవ కోసం కేకేశాడని ఇంకొకడు. నాకేమో మేం ఏడ్చిన సంగతి తప్ప ఏడిపించిందేమిటో గుర్తు రాలేదు.

మొన్నామధ్య అన్న కూతురు అడిగింది. "బాబాయ్, నాన్న రాసిన కథ ఏదైనా మీ దగ్గరుందా?"

ఏం చెప్పను? మాకు గుర్తున్నంత వరకు కథా, కింద ఆ రెండు ముగింపులూ ఒక నోటుబుక్కులో రాసిచ్చాను. "ఇందులో నాన్నది ఏది?" అంది. తెలీదమ్మా అన్నాను.

అందుకే చెబుతున్నాను

జేబులో చిన్న పుస్తకం పెట్టుకోండి. లేదా సెల్‌ఫోన్లో మీ గొంతుతోనే చెప్పి దాచుకోండి. ఒక్క ముక్క గిలికి వదిలేయకండి సుమా! తర్వాత 1936లో నోబెల్ బహుమతి అందుకున్న ఆటో లోవి అనే శాస్త్రజ్ఞుడు, కలలో తట్టిన ప్రయోగాన్ని కాగితం మీద గిలికి పడుకున్నాడు. పొద్దున తన రాత తనకే అర్థం కాలేదు! మర్నాటి రాత్రి అదే కల మళ్ళీ రాబట్టి సరిపోయింది. ఈసారి నేరుగా లేబరేటరీకే పరిగెత్తాడు. మనకి అదే కల మళ్ళీ వస్తుందని ఎవరు హామీ ఇస్తారు?

కాబట్టి మూడు సంగతులు తప్పకుండా రాయండి. కథలో మనిషి ఎవరు? అతనికి ఏం కావాలి? చివరికి ఏమైంది? మిగతాది తీరిగ్గా అల్లుకోవచ్చు.

ముఖ్యంగా ఆ మూడోది రాయకుండా మాత్రం పడుకోకండి.