మోకాటి చిప్ప గాడిలో పడిన కథ

1890లో బెర్లిన్ సర్జన్ థెమిస్టోక్లెస్ గ్లుక్ క్షయతో పాడైన మోకాలికి ఏనుగు దంతంతో చేసిన కీలు అమర్చాడు. ఇన్‌ఫెక్షన్ల వల్ల ఆ ప్రయత్నం నిలవలేదు. 1950లలో వాల్డియస్, షియర్స్ చేసినవి కూడా ఒకే ఇరుసు మీద కదిలే కీళ్లే. ఆ ఇరుసును తీసేసి, ప్లాస్టిక్ గాడుల్లో లోహపు భాగాలు దొర్లే కీలును 1968లో ఇంగ్లండ్‌లోని రైటింగ్‌టన్ ఆస్పత్రిలో అమర్చినవాడు కెనడా సర్జన్ ఫ్రాంక్ గన్‌స్టన్. ఇన్నేళ్లూ కీలు తయారు చేసేవాళ్ల దృష్టి తొడ ఎముక, దాని కింది ఎముక కలిసే చోటు మీదే ఉంది. ముందువైపు ఉండే చిప్ప సంగతి చివరికి మిగిలింది.

నిజానికి చిప్ప చేసే పని తక్కువేమీ కాదు. తొడ ముందు కండరం లాగే బలమంతా దాని మీదుగానే కాలికి చేరుతుంది. మెట్లెక్కేటప్పుడు ఒంటి బరువుకు మూడింతలకు పైగా, గొంతుక్కూర్చుని లేచేటప్పుడు ఏడింతలకు పైగా ఒత్తిడి దాని మీద పడుతుందని లెక్కలు చెబుతున్నాయి. నూతి గిలక మీద చేదతాడు నడిచినట్టు, చిప్ప తొడ ఎముక చివరనున్న గాడిలో పైకీ కిందికీ నడుస్తుంది. తొడ, పిక్క ఒకే తిన్నని గీతలో ఉండవు కాబట్టి కండరం లాగినప్పుడల్లా చిప్ప కాస్త వెలుపలి వైపుకే మొగ్గుతుంది.

1974లో న్యూయార్క్‌లోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో జాన్ ఇన్సాల్, చిత్రంజన్ రణావత్, పీటర్ వాకర్ బృందం ‘టోటల్ కాండిలర్’ కీలును వాడుకలోకి తెచ్చింది. అందులో చిప్ప వెనక అతికించే పాలిథిలిన్ గుండీకి కూడా చోటు దొరికింది. నేటి మోకీళ్లలో చాలావాటికి మూలం ఇదే. ప్రధానిగా ఉన్న వాజపేయికి 2000, 2001లలో ముంబైలో మోకీళ్లు మార్చింది ఈ రణావతే.

గుండీ వచ్చినా గొడవ తీరలేదు. 1980లలో మోకాలికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావడానికి పెద్ద కారణాల్లో చిప్ప ఒకటైంది. నొప్పి, పక్కకు ఒరగడం, గాడి దాటి జారడం, గుండీ ఊడిపోవడం, చిప్ప విరగడం... ఇలా ఎన్నో. చిప్ప వెలుపలికి పోతుంటే అటువైపు బిగుతుగా పట్టి ఉంచిన పొరను నిలువునా కోసి వదులు చేయడం అప్పటి ప్రధాన మందు. దీనికో ఖరీదు ఉంది. కీలు తెరవడానికి పెట్టే కోతతో చిప్పకు లోపలివైపు నుంచి అందే రక్తం అప్పటికే తగ్గి ఉంటుంది. వెలుపలి పొరలో నడిచే ధమని కూడా తెగితే చిప్ప ఎముకకు రక్తం అందక చచ్చుపడే ప్రమాదం ఉంది.

ఈ కథలో అసలు మలుపు ఆ తర్వాతే వచ్చింది. జారేది చిప్పే అయినా తప్పు చాలాసార్లు దానిది కాదని సర్జన్లు గ్రహించారు. తొడ ఎముకకు తొడిగే లోహపు భాగం కొద్దిగా లోపలికి తిరిగి ఉంటే, దానితోపాటు గాడి కూడా లోపలికి పోతుంది, చిప్ప బయటే మిగిలిపోతుంది. కింది ఎముక మీది పళ్లెం లోపలికి తిరిగితే, చిప్ప బంధనం అతుక్కునే బొడిపె వెలుపలికి జరిగి చిప్పను తనవైపు లాగుతుంది. 1998లో రిచర్డ్ బెర్జర్ బృందం సి.టి. స్కాన్లతో ఈ తిప్పుడును కొలిచింది. రెండు భాగాలదీ కలిపి లోపలివైపుకు 1 నుంచి 4 డిగ్రీల తేడా ఉన్నవాళ్లలో చిప్ప ఒరిగి నడుస్తోంది. 7 నుంచి 17 డిగ్రీలు ఉన్నవాళ్లలో పూర్తిగా జారడమో, గుండీ పాడవడమో కనిపించింది. మనిషిని కుంటివాణ్ని చేయడానికి ఆ కొద్ది డిగ్రీలు చాలు!

అందుకే తొడ భాగాన్ని సాధారణంగా ఎముక వెనక గుబ్బల ఆధారంగా 3 డిగ్రీలు వెలుపలికి తిప్పి అమరుస్తారు. ఎముక వెనక భాగం అరిగిపోయిన కాళ్లలో ఈ లెక్క మోసం చేస్తుంది. అలాంటి చోట లియో వైట్‌సైడ్ 1990లలో సూచించిన గీత ఆదుకుంటుంది. సహజమైన గాడి అడుగు నుంచి ఎముక వెనుకనున్న రెండు గుబ్బల మధ్య పల్లం దాకా గీసే గీత అది. దాంతోపాటు గుండీని కాస్త లోపలివైపుకు జరిపి అతికిస్తారు, మిగిలిన వెలుపలి అంచును చెక్కేస్తారు. గుండీతో కలిపి చిప్ప మందం మొదటికన్నా పెరగకుండా చూసుకుంటారు. కుడికాలికీ ఎడమకాలికీ గాడి వేరువేరుగా ఉండే లోహపు భాగాలు కూడా వచ్చాయి.

అన్నీ అమర్చాక కాలిని మడిచి చాచి చూస్తారు. చిప్పను బొటనవేలితో ఒత్తిపట్టకూడదు, అది తనంతట తాను గాడిలో నడవాలి. పక్కకు పోతోందనిపిస్తే సర్జన్ వెంటనే కత్తి పట్టడు, రక్తం ఆపడానికి తొడకు కట్టిన పట్టీని (టూర్నికే) వదిలి మళ్లీ చూస్తాడు. ఆ పట్టీ కండరాన్ని బిగపట్టి లేని జారుడును చూపించగలదు. అప్పటికీ జారితే లోహపు భాగాల తిప్పుడును పరీక్షిస్తాడు, వెలుపలి పొర జోలికి ఆ తర్వాతే వెళ్తాడు.

అసలు చిప్పకు గుండీ వేయాలా అన్నది మాత్రం నేటికీ తేలలేదు. అమెరికాలో ఎక్కువమంది వేస్తారు, నార్వే, స్వీడన్‌లలో ఎక్కువమంది వేయరు. ఆపరేషనయ్యాక చిప్ప జారుతోందని తిరిగొచ్చిన రోగికి మాత్రం సి.టి. స్కాన్ తీసి డిగ్రీలు కొలుస్తారు. తిప్పుడు బాగా తప్పి ఉంటే పొర కోతతో సరిపెట్టరు, లోహపు భాగాన్నే తీసి మళ్లీ అమరుస్తారు.